ఆగితే అడుగుతుంది

మనసులో ఏది మెదిలితే అది పైకి అనెయ్యాలి, అంతే. వినడానికి ఇంతకంటే తేలికైన పని ఉండదు. తీరా కంప్యూటర్ ముందు కూర్చున్నాక జయకు నోరు పెగల్లేదు.

"ఏమనాలె బిడ్డా?" అని వెనక్కి తిరిగి అడిగింది.

తిరుమలేష్ తల అడ్డంగా ఊపాడు. తనతో మాట్లాడకూడదట. తాను ఆ గదిలోనే లేడనుకోవాలట. కథ ఎటు పోవాలి, ఈ మాట బాగుందా ఆ మాట బాగుందా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో, ఇట్లా ఏది తోస్తే అది తోచిన వరుసలోనే బయటికి రావాలి. ఎవరికో విడమరిచి చెబుతున్నట్టు ఉండకూడదు. హైదరాబాదు నుంచి రైలెక్కి వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి, ఆ మనిషి లేనట్టు మాట్లాడమంటే ఎట్లా కుదురుతుంది? జయ గొంతు సవరించుకుంది, నవ్వింది, చెంగుతో ముఖం తుడుచుకుంది. చివరికి "నాకు సిగ్గయితుంది" అంది. అదే కావాలి, మనసులో ఉన్నదే అన్నారు, అని అతను సంబరపడ్డాడు. చదువుకున్నవాళ్లు ఎందుకు సంబరపడతారో చెప్పడం కష్టం.

తిరుమలేష్ ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. ఇప్పుడు కంప్యూటర్లో తెలుగు రాసేవాళ్లకు కొత్త సాధనాలు వచ్చాయి కదా. నాలుగు మాటలు టైపు చేస్తే తర్వాతి మాట ఇదేనా అని బూడిదరంగు అక్షరాల్లో చూపిస్తాయి. ఒప్పుకుంటే ఆ మాట నల్లబడి వాక్యంలో కలిసిపోతుంది, ఒప్పుకోకపోతే మాయమవుతుంది. అట్లా ఒకటి పక్కన నిలబడి మాటలందిస్తుంటే కథలు రాసేవాళ్ల బుర్రలో ఏం జరుగుతుందన్నది అతని ప్రశ్న. బుర్ర తెరిచి చూడలేం కాబట్టి రాస్తున్నంతసేపూ పైకి ఆలోచించమంటాడు. ఆ గొంతునీ, తెర మీద కదిలే అక్షరాల్నీ కంప్యూటరే రికార్డు చేసి అతనికి పంపుతుంది. తెలుగు రాష్ట్రాల బయట ఉండి తెలుగులో రాసేవాళ్లు కూడా కావాలని వెతుకుతుంటే ఒక అంతర్జాల పత్రికలో జయ కథలు కనిపించాయి. చివర చంద్రపూర్, మహారాష్ట్ర అని ఉంది. ఫోన్ చేశాడు. తన కథ చదివి ఒక మనిషి ఫోన్ చేయడమే జయకు పండగ, ఇక ఇంటికొస్తానంటే కాదంటుందా.

జయకు యాభై దాటాయి. మాజ్రి బొగ్గుగనుల్లో పని చేయడానికి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన గట్టయ్య కూతురు. చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు నాన్న ఇంటి ముందు గచ్చు మీద దిద్దించినవే. అందుకే ఇప్పటికీ పెద్ద పేజీ చదవాలంటే వరుస కింద వేలు పెట్టుకుంటుంది. చంద్రపూర్లో ఒక ఆఫీసులో పొద్దస్తమానం మరాఠీ కాగితాలు టైపు చేస్తుంది. పెళ్లి మొదట్లో కుదరలేదు, తర్వాత కుదరకపోవడమే అలవాటై ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆ ఊళ్లోనే తుకుం అనే పేటలో, రెండు గదుల ఇంట్లో కన్నతల్లి అవ్వా తానూ ఉండేవాళ్లు. అవ్వ లస్మవ్వ పోయి రెండేళ్లయింది. అవ్వతోపాటే ఆ ఇంట్లోంచి తెలుగు కూడా వెళ్లిపోయింది. ఆఫీసులో మరాఠీ, బజార్లో హిందీ, వైనీ అని పిలిచే పక్కింటి వదినతో రెండూ కలిపి. తెలుగు మాట్లాడాలంటే కథలో ఎవరో ఒకరి నోట్లో పెట్టాల్సిందే.

అవ్వ ఉన్నప్పుడు కథల గురించి ఏమైనా అడిగేదా అంటే అదీ లేదు. "ఇగ బంద్ చెయ్యవే, కండ్లు పోతయ్" అనేది. కానీ ఆ మాత్రం అనడానికైనా ఒక మనిషి ఉండేది.

వెళ్లేముందు తిరుమలేష్ ఇంకో సంగతి చెప్పాడు. రాస్తూ రాస్తూ పైకి మాట్లాడటం మరిచిపోవడం మామూలే. అందుకని కాసేపు ఏ చప్పుడూ వినపడకపోతే కంప్యూటరే గుర్తుచేస్తుంది. చూపిస్తానని ఇద్దరూ నోరు మూసుకుని కూర్చున్నారు. వైనీ ఇంట్లో కుక్కర్ కూసింది. తర్వాత లాప్‌టాప్‌లోంచి ఒక ఆడగొంతు, తొందరేమీ లేనట్టు, అడిగింది.

"ఇప్పుడు మీరేమనుకుంటున్నారు?"

మంచిగుందని జయ అంది. అంతకంటే ఏమీ అనుకోలేదు అప్పటికి.

ఆ మర్నాటి నుంచి ఆఫీసు నుంచి రాగానే ముఖం కడుక్కుని, చాయ్ తాగి, కంప్యూటర్ తెరిచేది. రాస్తున్న కథలో మనిషి పేరు పోశవ్వ. మాజ్రి స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కి బల్లార్షాకు కూరగాయల గంప తీసుకుపోతుంటుంది. ఆ రోజు రైల్లో ఆమెకు చిన్ననాటి నేస్తం ఎదురవ్వాలి. కథ ఎంత ఉందో, ఆ సాధనంతో తగువు అంత ఉంది. రొట్టె అని రాయబోతే అన్నం అని చూపిస్తుంది. అవ్వ అంటే అమ్మ కాదా అంటుంది. పోశవ్వను మల్లెపూలు పెట్టుకోమంటుంది. "కూరగాయల గంప నెత్తి మీదుంటే మల్లెపూలు ఏడ పెట్టుకుంటదే" అని జయ దాన్ని కసిరేది. సిగ్గు రెండు మూడు సాయంత్రాల్లోనే పోయింది. మాట్లాడుతూ ఉంటే అన్నేళ్లు లోపల ఇరుక్కున్న తెలుగంతా కుండ వంచినట్టు బయటికొచ్చింది. తన గొంతు తనకే బాగుందనిపించింది.

మొదటిసారి నిజంగానే ఆగిపోయింది. పోశవ్వకు ఏ రంగు చీర కట్టాలో తేలలేదు. కిటికీలోంచి దండెం మీద ఆరేసిన బట్టల్ని చూస్తూ ఉండిపోయింది. తెల్లవి ఆరేస్తే సాయంత్రానికి బొగ్గు పొడి వాలి బూడిదరంగు తిరుగుతాయి ఆ ఊళ్లో. పోశవ్వకు తెలుపు ఎట్లాగూ కుదరదు అనుకుంటుండగా వెనకనుంచి ఎవరో పలకరించినట్టయింది.

"ఇప్పుడు మీరేమనుకుంటున్నారు?"

జయ ఉలిక్కిపడింది. "పోశవ్వకు ఏం రంగు చీర కట్టాల్నా అని సోంచాయిస్తున్న" అంది, అవతల మనిషే ఉన్నట్టు గబగబా. అన్నాక చేతులు కీబోర్డు మీద నుంచి తీసేసి ఒళ్లో పెట్టుకుంది. ఏమనుకుంటున్నావని తనను ఆఖరుసారి ఎవరడిగారా అని వెనక్కి వెనక్కి వెతికింది. ఆఫీసులో అడుగుతారు, ఫైలు ఏదని, సాహెబు వచ్చాడా అని. వైనీ అడుగుతుంది, నీళ్లు వచ్చాయా అని. ఏమనుకుంటున్నావని మాత్రం అడగరు. టైపు చేసే మనిషి ఏమనుకుంటే ఎవరికేం పని?

రెండోసారి ఆగలేదు, ఆపింది. మాట నోటిదాకా వచ్చింది, పెదవులు బిగబట్టింది. అడుగుతుందా లేదా చూద్దామని అంతే, ఆటకి. అది అడిగింది. జయకు నవ్వొచ్చింది. మర్నాడు మళ్లీ ఆపింది. ఆ వారం చివరికి అది ఆట కాకుండా పోయింది. ఆఫీసులో ఉండగానే ఇవాళ ఎక్కడ ఆగాలా అని ఆలోచన మొదలయ్యేది. ఆగి, ఫ్యాను చప్పుడు వింటూ, వీపు నిటారుగా పెట్టుకుని ఎదురుచూసేది. గొంతు వినపడగానే ఒంట్లోకి వెచ్చదనం వచ్చేది. ఇది మంచి పని కాదని ఆమెకు తెలుసు. తెలిసి మానగలిగితే మనుషులు ఇట్లా ఎందుకుంటారు?

చిత్రమేమంటే, అంత ఎదురుచూసి అడిగించుకున్న ప్రశ్నకు జయ ఎప్పుడూ నిజం చెప్పలేదు. ఇవాళ మధ్యాహ్నం డబ్బా ఒంటరిగా తిన్నాననో, అవ్వ మంచం ఇంకా తియ్యలేదనో, నిన్ను అడిగించడానికే ఆగాననో అనలేదు. ప్రతిసారీ పోశవ్వ గురించే చెప్పింది. గంపలో వంకాయలు పెట్టాలా బీరకాయలా అని, రైలు ఆలస్యం చెయ్యాలా వద్దా అని. ఫలితం, పోశవ్వ మాజ్రి ప్లాట్‌ఫారం మీదే కూలబడింది. ఎన్ని సాయంత్రాలు గడిచినా ఆ ప్యాసింజర్ రాలేదు.

గోడ అవతల వైనీకి ఈ మాటలన్నీ వినపడుతున్నాయి. ఒకరోజు గేటు దగ్గర ఆపి, పావ్నే వచ్చారా అని అడిగింది. చుట్టాలు వస్తే ఆ ఊళ్లో అట్లాగే అడుగుతారు. ఒంటరిగా కంప్యూటర్‌తో మాట్లాడుతున్నానని చెప్పలేక జయ, అవును, హైదరాబాదు చుట్టాలని అబద్ధమాడింది. పొద్దున్నే వైనీ వేడివేడి అటుకుల పోహా పంపింది, ఇద్దరికి సరిపడా. గిన్నె తిప్పి పంపాలి కదా, రెండు పాళ్లూ జయే తింది.

తిరుమలేష్ మళ్లీ ఫోన్ చేసేసరికి ఎండలు ముదిరాయి. గొంతులో సంతోషం దాగడం లేదు. ఇంతమంది రచయితల్ని చూశాడట, జయ మౌనాలంత పెద్ద మౌనాలు ఎవరి దగ్గరా లేవట. తక్కినవాళ్లు సాధనం ఇచ్చిన మాట తీసుకుని ముందుకు వెళ్లిపోతున్నారు. జయ ఒక్కతే ఆగిపోతోంది, రోజురోజుకీ ఇంకా ఎక్కువ ఆగుతోంది. అంటే తన ఊరి మాటకూ, యంత్రం అందిస్తున్న మాటకూ మధ్య లోపల పెద్ద పోరాటం జరుగుతున్నట్టే కదా. అతని గైడు కూడా విని, దీని మీదే థీసిస్‌లో ఒక చాప్టర్ నిలబడుతుందన్నారట. ఇప్పుడు వచ్చి, ఆ రికార్డింగులు ఆమెకే వినిపించి, ఆగిన ప్రతిచోటా అసలు ఏమాలోచించారో అడిగి రాసుకుంటాడట.

"మంచిది బిడ్డా, రా" అని జయ ఫోన్ పెట్టేసింది.

అతను వచ్చేదాకా ఆమెకు తిన్నది ఒంటబట్టలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. లోపల పోరాటం అనేది ఎంత గొప్పగా ఉంది! ఏ మాట కోసమో తపించానని చెబితే అతను రాసుకుంటాడు, పుస్తకంలో ఎక్కుతుంది, ఒక చదువుకున్న పిల్లవాడి దృష్టిలో తాను రచయితగా మిగులుతుంది. చెబితే ఏం మిగులుతుంది? ఎవరూ పలకరించేవాళ్లు లేక యంత్రం చేత పలకరించుకున్న ఆడమనిషి. చెప్పకూడదనే నిర్ణయించుకుంది. అతనికోసం సర్వపిండి కాల్చింది, పెరుగు తోడేసింది, బజారుకు పోయి మంచి గ్లాసులు కొంది. మనిషి వస్తున్నాడన్న ఆనందం, ఆ మనిషిని మోసం చేయబోతున్నానన్న భయం ఒకే పూట రెండూ ఉండొచ్చని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

ఆదివారం పొద్దున తిరుమలేష్ వచ్చాడు. ఈ మాటలు కూడా రికార్డు కావాలని తన ఫోన్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు. తర్వాత కంప్యూటర్లో పాత రికార్డింగు తెరిచి ఒక ముక్క వినిపించాడు. తెర మీద కర్సర్ కొట్టుకుంటోంది. ఫ్యాను చప్పుడు. ఎంతసేపో. తర్వాత ఆ గొంతు, ఆ తర్వాత వంకాయల గురించి జయ జవాబు.

ఇక్కడ ఆగినప్పుడు ఏం ఆలోచిస్తున్నారని అడిగాడు. ఆ వంకాయ రకానికి మా దగ్గర వేరే పేరుంది, అది పెడితే చదివేవాళ్లకు తెలుస్తుందా అని చూస్తున్నా, అని జయ సిద్ధంగా ఉంచుకున్న జవాబు చెప్పింది. అతను తలూపుతూ గబగబా రాసుకున్నాడు. ఎంత నమ్మకంగా రాసుకున్నాడంటే, కలం పట్టుకున్న ఆ చేతివైపు జయ చూడలేకపోయింది.

రెండో ముక్క పెట్టాడు. అదే ఫ్యాను, అదే కర్సర్. గొంతు అడిగింది. వెంటనే రికార్డింగులో జయ పలికింది, "వచ్చినవా? పోశవ్వ ఇంకా గాడ్నే కూసుంది" అని, నవ్వుతూ.

అది మాట వెతుక్కునే మనిషి గొంతు కాదు. తలుపు తట్టగానే పరుగెత్తుకెళ్లి గడియ తీసే మనిషి గొంతు. అంత ఆశ పెట్టుకుని మాట్లాడానా అని ఆమెకు తనమీద తనకే జాలేసింది. మరి ఇంత తేటగా వినపడుతుంటే ఇతనికి ఎందుకు వినపడటం లేదు?

"ఇక్కడ, మేడం?" అన్నాడు తిరుమలేష్ కలం ఎత్తి.

ఇంకో అబద్ధం నాలుక మీద ఉంది. కానీ ఈ పిల్లవాడు రేపు పదిమంది ముందు నిలబడి ఈ మౌనంలో పోరాటముందని చెబుతాడు. దాని మీద అతని చదువు నిలబడుతుంది. అక్కడ ఉన్నది ఏమిటో తనకు మాత్రమే తెలుసు.

"మల్ల పెట్టు బిడ్డా. నా గొంతు ఇను" అంది జయ. అతను మళ్లీ వినిపించాడు. అతని ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఆడ నేనేం సోంచాయించలే. అది అడుగుతదని ఆగిన."

"అంటే?"

"కథ ఆగలే. నేనే ఆపిన. ఆగితే అడుగుతది గదా, ఏమనుకుంటున్నవని. గందుకు."

తిరుమలేష్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. అన్నీ అట్లాగేనా అని అడిగాడు. అన్నిటికంటే మొదట ఆగింది ఒక్కటి, ఆ చీర సంగతి, నిజమని జయ చెప్పింది. ఇందాక వంకాయ గురించి చెప్పింది కూడా కల్పించిందేనని, అది కొట్టెయ్యమని చెప్పింది. అతను కొట్టేశాడు. కొట్టేసి, ఆమె మౌనాల గురించి అంతకుముందు రాసుకున్న పేజీ తిప్పి చూసి, అదీ కొట్టేశాడు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆ గీత చప్పుడు వినపడేది కాదేమో, ఆ గదిలో బాగా వినపడింది.

"మధ్యల ఒక్కసారన్న చెప్పొద్దా మేడం" అన్నాడు చివరికి. కోపం కాదు, అలసట.

"ఎట్ల చెప్పాలె? సిగ్గనిపించింది."

ఈ రికార్డింగులు ఇక వాడుకోవడానికి పనికిరావని, గైడుకు చెప్పాలని, చాప్టర్ సంగతి చూడాలని అతను నెమ్మదిగా చెప్పుకుపోయాడు. నీ పని ఖరాబు చేసినా అని జయ అంటే, లేదు మేడం, నిజం చెప్పారు, అదే మంచిదన్నాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. కంప్యూటర్లోంచి ఆ సాధనాన్ని తీసేస్తానని, కావాలంటే ఉంచుతానని అన్నాడు. తీసెయ్యమంది. ఒకసారి సంగతి బయటపడ్డాక దాని ముందు కూర్చుని ఆగడం తనవల్ల కాదు. రెండు మూడు చోట్ల నొక్కాడు, అది పోయింది. ఇంత సులువా అని జయ చూస్తుండిపోయింది.

సర్వపిండి పళ్లెంలో చల్లబడుతోంది. అతను బ్యాగు సర్దుకున్నాడు, బల్ల మీద ఫోన్ మాత్రం ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. జయ ఏదో అనాలనుకుంది, నోరు రాలేదు. ఈసారి ఆమె ఆపలేదు, నిజంగానే ఆగిపోయింది. రచయితలతో గడిపీ గడిపీ వచ్చిన అలవాటేమో, ఇంకేం చెయ్యాలో తోచకనేమో, తిరుమలేష్ తలెత్తి అడిగాడు.

"ఇప్పుడు మీరేమనుకుంటున్నారు?"

జయ అతని కళ్లలోకి చూసింది. వెనక దాక్కోవడానికి ఇప్పుడు పోశవ్వ లేదు.

"నువ్వు ఇగ లేస్తవ్. లేచి పోయినంక గీ ఇంట్ల నన్ను మల్ల ఎవ్వరడుగరు. గదే అనుకుంటున్న."

అతను అది రాసుకోలేదు. చెయ్యి చాచి ఫోన్‌లో రికార్డింగ్ ఆపేశాడు. బ్యాగు ఒళ్లోంచి తీసి కింద పెట్టాడు. కుర్చీ కొంచెం ముందుకు లాక్కుని, గొంతు తగ్గించి, "ఇంకా?" అన్నాడు.

ఇంకా. యంత్రం ఎన్నడూ అడగని మాట. దానికి ఏ జవాబు చెప్పినా సరిపోయేది, ఇతనికి సరిపోలేదు. జయ నోరు తెరిచింది. ఎంతో ఉంది. ఎక్కడ మొదలుపెట్టినా ఒక పూట పడుతుంది, ఒక పూటతో తీరేది కూడా కాదు. ఈ పిల్లవాడు ఎంతసేపు కూర్చుంటాడు? అడిగినందుకు కూర్చుంటాడు, ఇరుక్కున్నందుకు వింటాడు, వింటూ లోపల రైలు సంగతి తలుచుకుంటాడు. ఒకరికి బరువు కాకుండా బతకడం తప్ప ఆమె ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఏదీ లేదు. అడిగే మనిషి కోసం అంతగా తపించింది కదా, ఎదురుగా కూర్చుని అడిగేసరికి తట్టుకోలేకపోయింది.

"ఇంకేముంటది బిడ్డా" అంది నవ్వుతూ. "బల్లార్షాల నీ రైలు పోతది. లే."

సర్వపిండి కాగితంలో చుట్టి అతని చేతికిచ్చింది. తిరుమలేష్ లేచి నిలబడ్డాడు. ఆ ముఖంలో, ఎంత దాచుకుందామన్నా దాగని ఊరట కనిపించింది. సరిగ్గానే అనుకున్నానని జయకు అర్థమైంది. అవ్వ పోయిన రోజు కూడా ఆమెకు అంత ఒంటరిగా అనిపించలేదు.